హెడ్డరు మారింది, కబురెవరు చెప్పాలి?

తప్పు ఎప్పుడో దిద్దేశాక కూడా ఆ తప్పు కోసమే పూటంతా వెతికితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్‌కు అదే జరిగింది. దిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు. పాత ఆబ్జెక్ట్ ఫైలుతోనే కుస్తీ పట్టాడు. ఆయన తిట్లు విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ఆ వారాంతంలోనే ‘మేక్’ రాశాడు. ఆబ్జెక్ట్ కన్నా సోర్సు కొత్తదైతే మళ్లీ కంపైల్ చేయడం, లేకపోతే వదిలేయడం: దాని పని అంతే.

చిక్కంతా హెడ్డర్లతో. ఏ సీ ఫైలు ఏ హెడ్డరును చేర్చుకుందో మేక్‌కు తెలియదు, మేక్‌ఫైల్లో మనమే రాయాలి. కోరుకొండ పక్కన రాజానగరం కాలేజీ ల్యాబుల్లో రెండు మూడు ఫైళ్ల ప్రోగ్రాముకు ఇది పట్టదు, అన్నీ కలిపి కంపైల్ చేసేస్తారు. అదే పిల్లలు మార్కుల ప్రోగ్రామును పది ఫైళ్లకు పెంచారనుకోండి. హెడ్డర్లోని స్ట్రక్చర్లో రోల్ నంబరు, ఆ తర్వాత మార్కులు ఉన్నాయి. మధ్యలో ‘సంవత్సరం’ చేర్చారు. ప్రింట్ చేసే ఫైలు మాత్రం మళ్లీ కంపైల్ కాలేదు. అది మార్కుల కోసం పాత చోటే చూస్తుంది. ఇప్పుడక్కడ ఉన్నది విద్యార్థి చదివే సంవత్సరం, అంటే 2. 78 రావాల్సిన విద్యార్థికి 2 మార్కులు! లింకరు కిమ్మనదు.

ఎక్స్ విండోతో వచ్చిన ‘మేక్‌డిపెండ్’ హెడ్డర్ల జాబితాను తానే తయారుచేసింది. కానీ దాన్ని నడపడం కూడా మనిషికే గుర్తుండాలి. అసలు హెడ్డర్లన్నీ తెరిచి చదివేది కంపైలరే కదా, దాన్నే అడిగితే పోలా? జీసీసీ కంపైలర్లో ‘ఎంఎండీ’ ఆప్షను పెడితే కంపైల్ చేస్తూనే ఆ జాబితాను ఒక ‘.డి’ ఫైల్లో రాసేస్తుంది. పని అయ్యాక చేతికొచ్చే జాబితా ఎందుకంటారా? మొదటిసారి ఆబ్జెక్టే లేదు, ఎలాగూ కంపైల్ చేయాల్సిందే. జాబితా అవసరం రెండోసారికి. కొత్త హెడ్డరు చేరాలంటే ఏదో ఒక పాత ఫైలు మారాలి, అది మారితే జాబితా కూడా కొత్తగా వస్తుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే తెలివి ఇదే. వేరే ప్రోగ్రాము పుట్టించే హెడ్డర్ల సంగతి మాత్రం ఇప్పటికీ ముందుగా చెప్పుకోవాలి.

లైనక్స్ కెర్నెల్‌కు కంపైలరిచ్చే నిజమైన జాబితా కూడా ఎక్కువైంది. దాని సెట్టింగులన్నీ ఒకే హెడ్డర్లో ఉంటాయి, ప్రతి ఫైలూ దాన్ని చేర్చుకుంటుంది. ఆ లెక్కన ఒక్క సెట్టింగు మారితే కెర్నెలంతా మళ్లీ కంపైల్ కావాలి. అందుకే ‘ఫిక్స్‌డెప్’ అనే చిన్న ప్రోగ్రాము కంపైలరిచ్చిన జాబితా నుంచి ఆ హెడ్డరు పేరు కొట్టేసి, ఫైళ్లలో నిజంగా కనిపించిన సెట్టింగుల పేర్లు మాత్రం రాస్తుంది.