ఏలికకు గౌరవము, అంతరాత్మకు విధేయత

శ్రీకాళహస్తిలో తెలుగు చెప్పువానికి ధూర్జటిని తలపక పాఠము సాగదు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవిగా ప్రసిద్ధుడైన ఆ కవి తన శతకమున రాజసేవను నిరసించినంత తీవ్రముగా మన వాఙ్మయమున వేరొకరు నిరసించి యుండరు. అయినను ఆయన రాజుపై కత్తి కట్టలేదు. తన భక్తిలో రాజునకు పాలు లేదనెను, అంతియే. ఏలినవానికి ఎంత, దేవునికి ఎంత అను ఈ లెక్క శైవులకు మాత్రమే పుట్టినది కాదు, క్రైస్తవులకును ఉన్నది. మన కాలమున ఆ లెక్క ఒక పాఠశాలలో, ఉదయపు వరుసల నడుమ, తేలవలసి వచ్చెను. తీర్పు వ్రాసినవారు తెలుగువారు గనుక మన ఉపాధ్యాయులును విద్యార్థులును ఆ కథ ఎరిగియుండుట మంచిది.

క్రైస్తవ గ్రంథమున ఈ విషయమై రెండు మాటలున్నవి. రోమాపురపు విశ్వాసులకు లేఖ వ్రాయుచు పౌలు, ప్రభుత్వము దైవము చేసిన ఏర్పాటనియు, పన్ను చెల్లించుటయు అధికారిని గౌరవించుటయు విధియనియు బోధించెను. అప్పుడు సింహాసనముపై నున్నవాడు నీరో! ఆ సంగతి మరచి చదివినచో పౌలు మాట బరువు తెలియదు. పేతురు మాత్రము, బోధ మానుమని పెద్దల సభ శాసించినప్పుడు, దేవుని ఆజ్ఞ ముందు మనుష్యుల ఆజ్ఞ నిలువదనెను. ఇవి ఒకదానికొకటి పొసగవని తొందరపడి అనుకొనరాదు. పేతురు సభను కూలద్రోయ జూడలేదు, శిక్షను తప్పించుకొన జూడలేదు; దెబ్బలు తిని, మరల బోధకు పోయెను. అధికారమును గౌరవించెను; నాలుకను మాత్రము అప్పగింపలేదు.

ఇక మన కథ. కేరళలో యెహోవా సాక్షులను చిన్న క్రైస్తవ శాఖకు చెందిన మువ్వురు తోబుట్టువులు బడిలో జాతీయగీతము పాడు వేళ అందరితోపాటు లేచి నిలుచుచుండిరి. పెదవి మాత్రము కదపరు. తమ దేవుని ప్రార్థన తప్ప వేరొక స్తుతిలో పాల్గొనరాదని వారి నమ్మకము. వారి అక్కలును పూర్వము అట్లే మౌనముగ నిలిచినవారే, ఎవరికిని పట్టలేదు. తుదకొక శాసనసభ్యుడు ఈ మౌనమును గమనించి సభలో ప్రశ్న లేవదీసెను. విచారణ జరుగగా, పిల్లలు బుద్ధిమంతులే, గీతమునకు అగౌరవము చేయలేదని తేలెను. అయినను విద్యాశాఖాధికారి ఆదేశముపై 1985 జూలై 26న వారిని బడినుండి తొలగించిరి. తండ్రి హైకోర్టుకు పోయి ఓడెను. గీతములోని మాటలన్నిటిని పరిశీలించి, అందు ఏ మతమునకును నొప్పి కలిగించునది లేదని ఆ న్యాయస్థానము చెప్పెను.

సాహిత్యము చదివినవాడుగ నాకిచ్చట ఒక మాట తోచుచున్నది. రవీంద్రుడు 1911లో రచించిన ఆ గీతము దేశముయొక్క విధాతను సంబోధించు స్తుతియే. ఆ విధాత జార్జి చక్రవర్తి కాడనియు, యుగయుగముల రథసారథియైన పరమాత్మయనియు కవియే తరువాత స్పష్టము చేసెను. కనుక అది ప్రార్థనవలె తోచుటకు ఆ పిల్లలకు కొంత ఆధారమున్నట్లే.

సుప్రీంకోర్టున ఈ వ్యాజ్యము జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం. ఎం. దత్ గార్ల ముందునకు వచ్చెను. చిన్నపరెడ్డిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగ పనిచేసి 1978లో సుప్రీంకోర్టునకు వెళ్లినవారు. వారు ప్రశ్ననే మార్చివేసిరి. ఆ నమ్మకము మన బుద్ధికి నచ్చునా లేదా అనునది విచార్యము కాదు. అది వారి మనసున నిజముగ నున్నదా లేదా అనునదే విచార్యము. 1971 నాటి చట్టము గీతాలాపనకు అడ్డుపడు వానిని, పాడుచున్న సభను భంగపరచు వానిని శిక్షించును. ఊరకుండు వానిని కాదు. పాడి తీరవలెనను శాసనమేదియు లేదు. విద్యాశాఖ ఉత్తరువులకు శాసనబలము లేదు. లేచి నిలుచుటయే గౌరవము. రాజ్యాంగపు 19, 25 అధికరణములు వాక్కునకును మతమునకును ఇచ్చిన రక్షణ ఈ మువ్వురకును చెందును. ఎంత అల్పసంఖ్యాకులకైనను ఈ రాజ్యాంగము క్రింద చోటు దొరకుటయే ప్రజాస్వామ్యమునకు పరీక్షయని ఆ తీర్పు భావము.

ఈ శాఖవారి పట్టుదల క్రైస్తవులందరిదియు కాదు. మన జిల్లాల క్రైస్తవులలో అత్యధికులు గొంతెత్తి పాడువారే. ఆ గీతమునకు రవీంద్రుడు 1919లో ఆంగ్లానువాదము చేసినది నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలోనే. బడిపిల్లలు చెప్పు ప్రతిజ్ఞను 1962లో వ్రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు తెలుగువారు. ఇంతటి మమకారము గలచోట పాడని పిల్లవానిపై కోపము కలుగుట సహజమే. ఒక్కని విడిచినచో రేపు తరగతి యంతయు నోరు మూయునని మా తోడి అధ్యాపకులలో కొందరందురు. నేనట్లు తలపను. సోమరితనమున పాడనివాడు నిటారుగ నిలువడు. నమ్మకమున పాడనివాడు నిలుచును. ఉపాధ్యాయుని కంటికి ఈ తేడా దాగదు.

అమెరికాలో ఇట్టి శాఖీయుల బిడ్డలే పతాకవందనము చేయనందుకు బడికి దూరమైరి. అచ్చటి సుప్రీంకోర్టు 1940లో వారికి వ్యతిరేకముగ తీర్పుచెప్పి, మహాయుద్ధము సాగుచుండగనే, 1943లో తన తీర్పును తానే త్రోసిపుచ్చెను. చిన్నపరెడ్డిగారు ఆ సంగతియు తమ తీర్పున చర్చించిరి. 1986 ఆగస్టు 11న వెలువడిన ఆ తీర్పులోని ఆజ్ఞ చిన్నది: పిల్లలను తిరిగి బడిలో చేర్చుకొనవలెను, చదువునకు ఆటంకము కలిగింపరాదు.