చాప మీద కునికే అవ్వ

ఒంగోలు ప్రాంతంలో ఆదివారం ఏ పల్లె ప్రార్థన మందిరానికి వెళ్ళినా, చాప మీద కునికే ముసలమ్మ ఒకరైనా కనిపిస్తారు. "ఇంట్లో పడుకోరాదా?" అని కుర్రవాళ్ళు నవ్వుతారు. ఈ విలేఖరి కూడా నవ్వాడు. కీళ్ళనొప్పులతో రాత్రంతా కంటికి కునుకు లేదని, అయినా నడిచే వచ్చానని ఆ అవ్వ చెప్పాక మరి నోరు పెగల్లేదు.

తీర్పులు వీరికి కొత్త కాదు. "కూటి కోసం కలిశారు" అన్న మాట వీరి ముత్తాతల నాటిది. నిజానికి 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని ఇప్పించిన క్లౌ దొర, ఆ మాట పడకూడదనే బాప్తిస్మాలు ఆపివేశారు. ఇక సాయం సొమ్ము లేదని చెప్పినా జనం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కుర్రవాళ్ళ మీద అవ్వకు కోపం లేదు. "గోడ పక్కన కాస్త చోటిస్తే చాలు నాయనా, నడుం ఆనుకుంటుంది" అన్నది.