ట్రిగ్గర్ చేప నోరు చూశారా?

పిల్లలూ! మీరు సాల్మియాలో ఉన్న సైంటిఫిక్ సెంటర్‌కి ఎప్పుడైనా వెళ్ళారా? 2000లో మొదలైన ఆ సెంటర్‌లో పెద్ద అక్వేరియం ఉంది. గాజు అవతల సొరచేపలు ఈదుతుంటే మనం ముక్కు గాజుకి ఆనించి మరీ చూస్తాం. ఇంటికి రాగానే అడిగే మాట ఒకటే: "నాన్నా, మనం కూడా చేపల్ని పెంచుదామా?"

నాన్న ఒప్పుకున్నారనుకుందాం. ఉప్పునీళ్ళ ట్యాంకు వచ్చింది. అందులో కొన్ని పగడాలు, రెండు క్లౌన్ ఫిష్‌లు, నాలుగు చిన్న నీలి చేపలు, ఒక ఎర్ర రొయ్య. అందరూ హాయిగా ఉన్నారు. కొన్నాళ్ళకి దుకాణంలో ఇంకో చేప మీ కంటపడింది. ఒంటిమీద ఎవరో కుంచెతో గీసినట్టు గీతలు! మీ వేలంత పొడవే ఉంది. పేరు పికాసో ట్రిగ్గర్ ఫిష్. "ఇది కూడా కొందామా?"

ఆగండి. కొనే ముందు దాని నోరు చూడాలి.

ఆ పేరు ఎందుకు వచ్చింది?

పికాసో స్పెయిన్‌లో పుట్టిన గొప్ప చిత్రకారుడు. ఈ చేప ఒంటిమీది గీతలు ఆయన బొమ్మల్లా ఉంటాయని ఆ పేరు పెట్టారు. ఈ చేపల్లో ఒక రకం మన గల్ఫ్ నీళ్ళలోనే ఉంటుంది.

మరి ట్రిగ్గర్ అని ఎందుకంటారు? దీని వీపు మీద ముళ్ళుంటాయి. మొదటి ముల్లు లావుగా, గట్టిగా ఉంటుంది. పెద్ద చేప తరిమితే ఇది రాళ్ళ సందులో దూరి ఆ ముల్లును నిలబెడుతుంది. వెంటనే రెండో ముల్లు దానికి గడియలా అడ్డుపడుతుంది. ఇక ఎంత లాగినా చేప బయటికి రాదు. రెండో ముల్లును నొక్కితేనే మొదటిది కిందికి వాలుతుంది, తుపాకీ ట్రిగ్గర్ నొక్కినట్టు అన్నమాట. రాత్రి కూడా ఇది ఇలాగే సందులో దూరి, గడియ పెట్టుకుని నిద్రపోతుంది!

నోరు ఏం చెబుతుంది?

దీని నోరు చిన్నదే. కానీ లోపల ఉలి లాంటి పళ్ళు ఉంటాయి. పీత డొప్పనీ, నత్త గుల్లనీ పటపటా కొరికేస్తుంది. సీ అర్చిన్ అని ఒంటినిండా ముళ్ళుండే జంతువు ఒకటుంది. దాన్ని తినాలంటే ముళ్ళు గుచ్చుకుంటాయి కదా? అందుకని ట్రిగ్గర్ చేప నోటితో నీళ్ళను గట్టిగా ఊది, దాన్ని వెల్లకిలా పడేస్తుంది. అడుగున ముళ్ళు తక్కువ. అక్కడ కొరికి తింటుంది. ఎంత తెలివో చూశారా!

సముద్రంలో ఇది మంచి పనే. సీ అర్చిన్లు మరీ ఎక్కువైతే రాతిని గీకి గీకి పగడాల దిబ్బను పాడుచేస్తాయి. కువైట్‌లో కుబ్బర్, ఖారూ, ఉమ్ అల్ మరాదిమ్ అనే మూడు చిన్న దీవుల చుట్టూ నిజమైన పగడాల దిబ్బలున్నాయి. అలాంటి చోట చిన్న చేపను తరిమినా, అది పారిపోవడానికి బోలెడంత చోటు ఉంటుంది.

మన హాల్లో ట్యాంకుకి నాలుగు పక్కలా గాజుగోడలే. పారిపోయే దారి లేదు. ముందు రొయ్య పోతుంది. తర్వాత చిన్న చేపల రెక్కలు చిరుగుతాయి. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అంటారే, అలాగే. అది చెడ్డ చేప అని కాదు. దాని నోరు ఆ పనికోసమే తయారైంది. తప్పు, తెలుసుకోకుండా తెచ్చిన మనది.

అన్ని ట్రిగ్గర్ చేపలూ ఒకటేనా?

కాదు. పికాసో నోరు ముందుకి ఉంటుంది. అడుగున దొరికేవాటిని వెతుక్కుని తింటుంది. క్లౌన్ ట్రిగ్గర్ అనే ఇంకో రకం ఇంకా మొండిది. అది అరమీటరు దాకా పెరుగుతుంది! బ్లూ త్రోట్ ట్రిగ్గర్ నోరు మాత్రం కాస్త పైకి తిరిగి ఉంటుంది. నీళ్ళలో తేలివచ్చే ప్లాంక్టన్‌ని అది పట్టి తింటుంది. అందుకే చిన్న చేపలతో, పగడాలతో కలిపి పెంచాలనుకునేవాళ్ళు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. అయినా చిన్న రొయ్యలకి మాత్రం పూర్తి భరోసా లేదు.

కలిపి పెంచాలంటే

1. ట్యాంకు పెద్దది కావాలి. కనీసం 400–500 లీటర్లు ఉంటే మంచిది.
2. చిన్న చేపల్ని ముందు వదలాలి. వాటికి చోటు అలవాటయ్యాక, ట్రిగ్గర్ చేపను చివర్లో వదలాలి. ముందే వస్తే "ఇదంతా నాదే" అనుకుంటుంది.
3. చిన్న చేపలు దూరి దాక్కోవడానికి రాళ్ళ సందులు ఉండాలి.
4. రోజుకి రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా తిండి పెట్టాలి. ఆకలి వేస్తే అది పక్కవాళ్ళ వైపు చూస్తుంది.

సెలవుల్లో ఎవరు చూస్తారు?

ఇది కువైట్‌లో ఉన్న మనకి చాలా ముఖ్యమైన ప్రశ్న. వేసవి సెలవుల్లో మనం అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్తాం. ఇక్కడేమో మండే ఎండ. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది! ట్యాంకు నీళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇల్లు తాళం వేసి, ఏసీ ఆపేసి వెళ్ళిపోతే అన్ని చేపలూ చనిపోతాయి. ఏసీ ఉన్నా, తిండి పెట్టేవాళ్ళు లేకపోతే ట్రిగ్గర్ ఒక్కటే మిగలొచ్చు. కాబట్టి రోజూ వచ్చి చూసే మనిషి దొరికితేనే చేపల్ని కొనండి. వద్దనిపిస్తే సముద్రంలో వదలకండి. దుకాణం వాళ్ళకో, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళకో ఇవ్వండి.

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మన పెద్దలు చెప్పింది మనుషుల గురించి. ట్యాంకు అనే చిన్న ఊరికి కూడా ఆ మాట సరిపోతుంది కదూ?

కొత్త మాటలు

గడియ: తలుపు తెరుచుకోకుండా వేసేది
ఉలి: చెక్కను చెక్కే పనిముట్టు
వెల్లకిలా: పొట్ట పైకి, వీపు కిందికి ఉండేట్టు
చెలగాటం: ఆట
ప్రాణసంకటం: ప్రాణం పోయేంత కష్టం

ఆలోచించి చెప్పండి

1. ట్రిగ్గర్ చేపను రాళ్ళ సందులోంచి లాగడం ఎందుకు కష్టం?
2. పికాసో, బ్లూ త్రోట్ చేపల నోళ్ళలో తేడా ఏమిటి?
3. మీ ట్యాంకులో ఒక రొయ్య ఉంది. స్నేహితుడు మీకు పికాసో చేపను ఇస్తానన్నాడు. అతనికి ఏం చెబుతారు? ఐదు వాక్యాలు రాయండి.