నలుపు వేరు, చీకటి వేరు

ఫిబ్రవరి వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో టెన్త్ పిల్లలకీ, ఇంటర్ సెకండియర్ వాళ్లకీ ఫేర్‌వెల్ సందడి మొదలవుతుంది. పరీక్షలు అయ్యాక ఎవరి దారి వారిది. ఒకరు పాలిటెక్నిక్‌కి, ఒకరు విశాఖలో హాస్టల్‌కి, ఇంకొకరు పని వెతుక్కుంటూ చెన్నైకో హైదరాబాద్‌కో. కొందరు ఆడపిల్లల చదువు అక్కడితోనే ఆగిపోతుంది. స్కూల్లో తీయించే గ్రూప్ ఫొటోలో ఒక్కో ముఖం వేలిగోరంత ఉంటుంది. అందుకే సెలవులకి ఊరెళ్లిన మనల్ని పట్టుకుంటారు: "అన్నయ్యా, నీ ఫోన్ మంచిది కదా, నాకొక్కటి బాగా తియ్యవా?" బీటెక్ చదివేవాళ్లకి కెమెరా కూడా వచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు.

తీసి చూపించగానే చాలాసార్లు మొదట వినిపించే మాట ఒకటుంది: "ఓలమ్మ, నల్లగొచ్చీసాను!" వెంటనే బ్యూటీ యాప్ తెరుస్తారు. ముఖం సున్నం వేసినట్టు తెల్లబడుతుంది, చెయ్యి మాత్రం పాత రంగులోనే ఉంటుంది. నిజానికి ఆ ఫొటోలో తప్పు ఒంటి రంగుది కాదు. ముఖం మీద చాలినంత వెలుగు పడలేదు, అంతే. నలుపు వేరు, చీకటి వేరు. ఈ తేడా తెలిస్తే సగం ఫొటోగ్రఫీ వచ్చినట్టే.

కెమెరా ఎక్కడ పొరబడుతుంది?

కెమెరాలోని మీటర్ ఎదురుగా ఉన్న దృశ్యాన్నంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు స్థాయికి తేవాలని చూస్తుంది. వెనకాల తెల్లటి ఆకాశమో, సున్నం కొట్టిన స్కూలు గోడో ఉంటే "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. దాంతో ముఖం చీకట్లో పడుతుంది. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి గానీ, ఆకాశం మరీ మెరుస్తుంటే అవీ తడబడతాయి.

దీనికి మందు మన వేలిలోనే ఉంది. స్క్రీన్ మీద ముఖాన్ని తాకండి, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరపండి. డీఎస్ఎల్ఆర్ అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 0.7 దగ్గర మొదలుపెట్టండి. ఆకాశం తెల్లగా మాడిపోతే పోనివ్వండి, ఈ ఫొటో ఆకాశానిది కాదు. వెనకాల ముదురు రంగు గోడ ఉన్నప్పుడు కథ తిరగబడుతుంది. కెమెరా వెలుగు పెంచేసి ముఖాన్ని పాలిపోయేలా చేస్తుంది. అప్పుడు కిందికి జరపాలి.

ఈ లోపం మన ఫోన్లతో పుట్టింది కాదు. కలర్ ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ 'షర్లీ కార్డు' అని ఒక రిఫరెన్స్ ఫొటో పంపేది. చాలా ఏళ్లపాటు ఆ కార్డు మీద ఉన్నది తెల్లజాతి అమ్మాయి బొమ్మే. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు లెక్క. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6తో 'రియల్ టోన్' పేరిట అన్ని ఒంటిరంగుల్నీ ఉన్నవి ఉన్నట్టు చూపే ప్రయత్నం మొదలుపెట్టింది. అంటే "నల్లగొచ్చీసాను" అని నొచ్చుకునే మన చెల్లెళ్ల వెనకాల కొన్ని దశాబ్దాల ఇంజనీరింగ్ నిర్ణయాలున్నాయి. రేపు అలాంటి నిర్ణయాలు తీసుకునేది మనలో కొందరే కావచ్చు. ఈలోగా కనీసం బ్యూటీ మోడ్ ఆపేసి తీద్దాం.

మన సూర్యుడు సముద్రంలో అస్తమించడు

యూట్యూబ్‌లో చూసే బీచ్ పోర్ట్రెయిట్ పాఠాలు చాలావరకు సాయంత్రం తీసినవే. మనిషి వెనక సముద్రం, సముద్రం మీద సూర్యుడు, జుట్టు అంచున బంగారు గీత. అవి పడమటి తీరాల సంగతులు. మనది తూర్పు తీరం. కళింగపట్నంలో గానీ, చింతపల్లి బీచ్‌లో గానీ ఆ గీత కావాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి. ఫిబ్రవరి మధ్యలో ఇక్కడ సూర్యోదయం సుమారు ఆరూ ఇరవైకి. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా మీ చేతిలో గంట ఉంటుంది.

సాయంత్రం వెళ్తే సూర్యుడు ఊరివైపు ఉంటాడు. సముద్రం వెనక ఉండేలా నిలబెడితే వెలుగు సూటిగా కళ్లలో పడుతుంది, పిల్లలు కళ్లు చికిలిస్తారు. కాస్త పక్కకి తిప్పి నిలబెట్టండి, లేదా సూర్యుడు బాగా వాలేదాకా ఆగండి. అస్తమయం ఆరుకి కాస్త అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఐదుంబావు తర్వాత వెలుగు మెత్తబడుతుంది. వాలిన సూర్యుడి కిరణాలు ఎక్కువ మందం గాలి గుండా రావాలి, దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. చామనఛాయ ముఖాల మీద ఆ రంగు ఎంత బాగుంటుందో చూస్తే గానీ తెలీదు.

వెలుగు దిశ ఎంత ముఖ్యమో మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులే సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల్ని తాకుతాయి. గుడి కదలదు, సూర్యుడు ఉదయించే చోటు రోజూ కొంచెం జరుగుతూ ఉంటుంది. మీరు ఎంచుకున్న చోటికి కూడా ముందురోజు అదే టైముకి వెళ్లి, వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసి రండి.

మధ్యాహ్నమే కుదిరితే

ఫేర్‌వెల్ పన్నెండింటికి అయిపోతుంది, ఆడపిల్లలు సాయంత్రం దాకా ఉండలేరు. అప్పుడు ఎండలో తీస్తే కళ్ల కింద గుంటల్లా నీడలు పడతాయి. దట్టమైన మామిడి చెట్టు వెతకండి. నీడ లోపలికి వెళ్లకుండా అంచు దగ్గర, ముఖం బయటికి ఉండేలా నిలబెట్టండి. ఆకాశపు వెలుగు పెద్ద కిటికీలోంచి వచ్చినట్టు మెత్తగా పడుతుంది. కొబ్బరిచెట్టు నీడ వద్దు, ముఖం మీద చారలు వస్తాయి. గడ్డం కింద ఇంకా చీకటిగా ఉంటే ఒక తెల్లటి థర్మాకోల్ షీట్ నడుము ఎత్తులో పట్టిస్తే చాలు. వేసవి ముందు నాగావళి, వంశధారల్లో బయటపడే ఇసుక తిన్నెలు ఆ పని ఉచితంగా చేసిపెడతాయి, ఎండుటిసుక వెలుగుని పైకి తిప్పికొడుతుంది.

దూరం, లెన్స్

ఫోన్ మెయిన్ కెమెరా వైడ్ లెన్స్. దగ్గరకెళ్లి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కిపోతాయి. ఈ తేడా తెచ్చేది దూరమే. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టుకోండి. డీఎస్ఎల్ఆర్‌కి 50 ఎంఎం లెన్స్ ఉంటే ఎఫ్/2.2, షట్టర్ 1/250 దగ్గర మొదలుపెట్టి, దగ్గరున్న కంటి మీద ఫోకస్ చేయండి. నలుగురైదుగురు ఉంటే ఎఫ్/5.6కి వెళ్లండి, లేకపోతే వెనక నిలబడ్డవాడు మసకబారిపోతాడు.

ఎక్కడ తీయాలి?

విజయనగరం కోట 1713 నాటిది. ఆ రాతిగోడల ముందు లంగావోణీ రంగులు బాగా నిలబడతాయి. లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి అడిగి వెళ్లాలి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల ఇటుకలు తెల్ల యూనిఫాంకి మంచి బ్యాక్‌గ్రౌండ్. అది పురావస్తు శాఖ రక్షిత స్థలం, ట్రైపాడ్‌కి ముందే అనుమతి కావాలి, ఇటుకల మీదకి ఎక్కకూడదు. రైలు పట్టాలు మాత్రం ఎంత అడిగినా వద్దు. హౌరా–చెన్నై మెయిన్ లైన్ అది. రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, రైలు కింద పడితే ఆ చట్టం అవసరం కూడా రాదు.

అన్నిటికంటే మంచి చోటు చాలాసార్లు వాళ్ల స్కూలే. మూడేళ్లు సైకిల్ ఆనించిన గోడ, బోరింగు, కబడ్డీ ఆడిన గ్రౌండు. కోట ముందు అందరూ ఒకేలా నిలబడతారు. ఆ గోడ ముందు మాత్రం ఆ పిల్లాడు ఆ పిల్లాడిలాగే ఉంటాడు.

నవ్వించడం, అడగడం

"నవ్వు" అంటే ఎవరూ నవ్వరు. చేతుల్ని ఏం చేయాలో తెలీక బిగుసుకుపోతారు. చేతికో పని ఇవ్వండి: పుస్తకాల సంచి, సైకిల్ హ్యాండిల్, జడలో పూలు సర్దుకోవడం. పక్కన క్లోజ్ ఫ్రెండుని నిలబెట్టి "మీ లెక్కల మేస్టారు ఎలా అరుస్తారే?" అని అడగండి. వాళ్లు నటించి చూపిస్తుంటే ఐదారు తీసేయండి.

తర్వాత ఫొటోలు వాళ్లకే పంపండి, మీ స్టేటస్‌లో పెట్టకండి. పెట్టాలనిపిస్తే ఆ పిల్లనీ, ఇంట్లోవాళ్లనీ అడగండి. మన ఊళ్లలో ఒక్క ఫొటో అడక్కుండా బయటికెళ్తే చదువు మానిపించే దాకా పోవచ్చు.

వీలైతే ఒక్కటైనా ప్రింట్ తీయించి ఇవ్వండి. ఫోన్లు మారతాయి, గోడకి పెట్టిన ఫొటో ఉంటుంది. ల్యాబ్ వాళ్లకి మాత్రం ముందే చెప్పండి: "ముఖం తెల్లగా చేయొద్దు అన్నా, ఉన్నది ఉన్నట్టు వెయ్యి."