పాత పంపు తుపాకీకి గొట్టం చివరే కీలకం
వేటకు, క్లే షూటింగ్‌కు మార్పులు ఇలా.. మన దగ్గర పిట్టపై గురిపెడితే నేరమే

తాత చేతిలో బాతులను నేలకూల్చిన తుపాకీ, మనవడి చేతిలో గాలిలోకి ఎగిరిన మట్టి పళ్లేన్ని కూడా తాకలేకపోతే లోపం చేతిదే కానక్కరలేదు. అది గొట్టం చివరి రెండు మూడు అంగుళాల్లో ఉండవచ్చు. అమెరికాలో తరతరాలుగా ఇళ్లలో మిగిలిన పాత పంపు తుపాకులను పక్షుల వేటకు, క్లే షూటింగ్‌కు తిరిగి సిద్ధం చేయించుకునేవారు మొదట పరీక్షించవలసింది ఆ భాగాన్నే.

పంపు తుపాకీలో గొట్టం కింది పట్టును వెనక్కి లాగితే పేలిన తూటా ఖాళీ గుల్ల బయటపడుతుంది. ముందుకు నెడితే కొత్త తూటా లోపలికి చేరుతుంది. ఈ కోవలో పేరు మోసినది విన్‌చెస్టర్ మోడల్ 12. 1912లో విడుదలైన ఈ తుపాకీ 1964లో సాధారణ ఉత్పత్తి నిలిచిపోయే నాటికి దాదాపు 20 లక్షలు తయారైంది. ఇప్పటికీ చక్కగా పనిచేసేవి ఎన్నో ఉన్నాయి. చిక్కల్లా అవి పుట్టిన కాలం వేరు, ఇప్పటి అవసరాలు వేరు.

చోక్ అంటే..

12 బోరు గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. మూతి దగ్గర దీన్ని కొద్దిగా ఇరుకు చేస్తారు. ఈ ఇరుకునే చోక్ అంటారు. ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువగా బిగిస్తే అది ‘ఫుల్’, అర మిల్లీమీటరైతే ‘మోడిఫైడ్’, పావు మిల్లీమీటరైతే ‘ఇంప్రూవ్‌డ్ సిలిండర్’. తేడా వెంట్రుక మందమే అనిపించినా ఫలితంలో చాలా వ్యత్యాసం ఉంటుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీస్తే, ఫుల్ చోక్ నుంచి వెలువడిన గుండ్లలో సుమారు 70 శాతం అందులో పడతాయి. ఇంప్రూవ్‌డ్ సిలిండర్‌లో అది 50 శాతం మాత్రమే.

దూరాన ఎగిరే బాతుల కోసం పాత తుపాకులను ఎక్కువగా ఫుల్ చోక్‌తో కొనేవారు. దూరమయ్యే పళ్లేన్ని కొట్టే ట్రాప్ పోటీకి అది నేటికీ పనికొస్తుంది. అయితే స్కీట్‌లో 110 మిల్లీమీటర్ల వ్యాసం గల పళ్లెం సుమారు 20 మీటర్ల దూరంలోనే దూసుకుపోతుంది. అక్కడ గుండ్లు విచ్చుకోక ముద్దగా వెళితే గురి తప్పడం ఖాయం. దగ్గరలో లేచే పిట్టకు తగిలితే మాంసం తినడానికి మిగలదు.

రెండో చిక్కు గుండ్లతో వచ్చింది. సీసం విషప్రభావం కారణంగా అమెరికాలో నీటిపక్షుల వేటకు సీసపు గుండ్లను 1991 నుంచి దేశమంతటా నిషేధించారు. వాటి స్థానంలో వచ్చిన ఉక్కు గుండ్లు అణగవు. పాత ఫుల్ చోక్ గుండా వాటిని పంపితే మూతి దగ్గర గొట్టం ఉబ్బే ప్రమాదం ఉంది. సీసంలా మెత్తనైన బిస్మత్ గుండ్లు పాత గొట్టానికి మేలు, కానీ ధర ఎక్కువ.

నిపుణుడైన తుపాకీ మేస్త్రీ చోక్‌ను లోపలి నుంచి కొద్దిగా తొలిచి వెడల్పు చేయగలడు. లేదా మరలు చెక్కి, మార్చుకునే చోక్ గొట్టాలను బిగించగలడు. గోడ పలుచగా ఉంటే మరలు చెక్కడం కుదరదు. తొలిచిన లోహం తిరిగి రాదు, పురాతన వస్తువుగా తుపాకీ విలువా పడిపోతుంది. అందువల్ల అసలు గొట్టాన్ని దాచి, మరో గొట్టం కొనుక్కోవడమే ఉత్తమం. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870లో ముందున్న మూత విప్పితే నిమిషాల్లో గొట్టం మారుతుంది. మోడల్ 12కు మాత్రం మేస్త్రీ సరిచూసి అమర్చాల్సిందే. రంపంతో మూతి కోసివేయడం అన్నిటికన్నా చెడ్డ పని. చోక్ మొత్తం పోతుంది, గొట్టం 18 అంగుళాలకు తగ్గితే అక్కడి చట్టానికీ చిక్కుతారు.

కాల్చే ముందు తూటా గది పొడవు కొలిపించడం తప్పనిసరి. తొలినాటి 16 బోరు మోడల్ 12లో గది 65 మిల్లీమీటర్లే. నేటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో ఇమిడిపోతుంది కూడా. పేలినప్పుడు దాని మూతి విప్పుకోవడానికి చోటు చాలక పీడనం పెరుగుతుంది. పట్టిందిగదా అని కాల్చడం ప్రాణాంతకం కావచ్చు.

మరో జాగ్రత్త.. మోడల్ 12లో ట్రిగ్గర్‌ను నొక్కి ఉంచి పట్టును ముందుకు నెడితే తూటా దానంతట అదే పేలుతుంది. నలుగురూ నిలబడే క్లే మైదానంలో ఇది తెలియకపోవడం ప్రమాదకరం. వలస పక్షుల వేటలో మూడుకు మించి తూటాలు పట్టకూడదనేది అక్కడి నిబంధన కనుక, కింది గొట్టంలో కర్రముక్క అమరుస్తారు. భుజానికి ఆనించే కర్ర పాతవాటిలో బాగా కిందికి వంగి ఉంటుంది. చెంప ఆనేచోట ఎత్తు పెంచి, వెనుక రబ్బరు మెత్త వేయిస్తే రోజుకు వంద తూటాలు కాల్చినా భుజం ఓర్చుకుంటుంది.

విదేశాల్లోని పిల్లలకు..

పిల్లలు అమెరికాలో చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు గమనించవలసిన విషయం ఒకటుంది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటాన్ని అక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తోంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. మిత్రుడి తుపాకీ అయినా సరే, ఈ సంగతి తేల్చుకోకుండా చేతికి తీసుకుంటే వీసాకే ముప్పు.

ఇక మన దగ్గర కౌజు, పావురం, బాతు.. అడవి పక్షి ఏదైనా వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనకే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇళ్లలో ఉన్న లైసెన్సు తుపాకులకు మార్పులు, మరమ్మతులు లైసెన్సు ఉన్నవారి దగ్గరే చేయించాలి. అనుమతి లేకుండా గొట్టం కురచ చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం శిక్షార్హం.

మిగిలింది మట్టి పళ్లెం. హైదరాబాద్‌కు చెందిన కైనన్ షెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ విభాగంలో పోటీపడ్డారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచారు. అయితే ఆ బాట పట్టదలచినవారు పాత పంపు తుపాకీపై డబ్బు పోయరాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లో పంపు తుపాకులకు అనుమతి లేదు. అక్కడ ఒకదానిపై ఒకటి రెండు గొట్టాలున్న తుపాకులదే రాజ్యం.