వెండితెర సాహసములు

మన మడకశిర కొండవంటి బండకొండలు పొరుగున నున్న కర్ణాటకమునందును పెక్కు గలవు. బెంగుళూరునుండి మైసూరునకు పోవు త్రోవలో రామనగర మను ఊరు కలదు. దాని చుట్టును గల కొండలు, ఎవరో పెద్ద పెద్ద గుండ్లను ఒకదానిపై నొకటి పేర్చి విడిచినట్లు కనబడును. 1973వ సంవత్సరమున రమేశ్ సిప్పీ అను హిందీ చలనచిత్ర దర్శకుడు ఆ కొండల నడుమ ఒక పల్లెటూరినే నిర్మింపజేసి, ‘షోలే’ అను చిత్రమును తీయ నారంభించెను. 1975వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన విడుదలైన ఆ చిత్రమును మీ తాతలలో పెక్కుమంది చూచియే యుందురు. గుఱ్ఱములపై దొంగలు వచ్చుట, తుపాకులు మ్రోగుట, జట్కాబండి తలక్రిందు లగుట మున్నగు దృశ్యములను వారు నేటికిని వర్ణించి చెప్పగలరు. అంతకు నాలుగేండ్లు ముందుగనే, 1971లో, మన తెలుగునందు ‘మోసగాళ్లకు మోసగాడు’ అను చిత్రము వచ్చినది. ఆరుద్ర రచించిన ఆ కథను కె.ఎస్.ఆర్. దాస్ రాజస్థానపు ఎడారికి పోయి చిత్రించెను. నడుమున తుపాకి ధరించి గుఱ్ఱమెక్కిన కృష్ణను చూచి, ఆనాటి పిల్లలు వీధులలో కట్టెపుల్లలు పట్టుకొని ‘ఢాం, ఢాం’ అనుచు తిరిగిరి. వారిలో నేనును ఒకడను.

నేను పాఠశాలలో పనిచేసిన దినములలో ఇట్టి చిత్రములను గూర్చి పిల్లలు అడుగని యేడు లేదు. “సార్, అవి నిజమైన తుపాకులేనా? ఆ కారు నిజముగనే పల్టీ కొట్టినదా?” అనుచుండిరి. “అంతయు కనికట్టు” అని చెప్పి తప్పించుకొనుట సులభము. కాని అది సత్యము కాదు. అందు కొంత కనికట్టు, కొంత నిజము. ఏది ఎంతవరకు నిజముగా నుండవలయునో నిర్ణయించుటలోనే ఆ వృత్తివారి నేర్పంతయు నున్నది. ఆ నిర్ణయము తప్పినచోట మనుష్యులు మరణించిరి.

ముందుగా కారుల సంగతి చూతము. చలనచిత్రమనగా వరుసగా తీసిన నిశ్చల చిత్రముల మాల. సెకనుకు 24 చిత్రములు తీసి, ఆ చొప్పుననే తెరపై చూపినచో కదలిక సహజముగా నుండును. తీయునపుడు సెకనుకు 16 మాత్రమే తీసి, చూపునపుడు 24 చొప్పున చూపినచో, ఒకటిన్నర సెకనులో జరిగిన పని ఒక్క సెకనులో జరిగినట్లు కనబడును. అప్పుడు గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు కారు 60 కిలోమీటర్ల వేగముతో దూసికొనిపోవుచున్నట్లు తోచును. దీనివలన లాభమేమి? కదలు వాహనమునందలి శక్తి, వేగము పెరిగినంత మాత్రమే పెరుగదు. వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 60 అనునది 40కి ఒకటిన్నర రెట్లే. కాని ఆ వేగమున ఢీకొనిన కారునందలి శక్తి రెండుంబావు రెట్లగును. తెరపై కనబడునది 60. తోలువాని యెముకలకు తగులునది 40. ఐతే ఈ ఉపాయమును మితిమీరి వాడరాదు. ప్రక్కన నడచుచున్న మనుష్యులు కూడ పాత మూగచిత్రములలోని హాస్యగాండ్రవలె గబగబ నడచుదురు. అప్పుడు గుట్టు బయటపడును.

కెమెరా కటకము మరియొక మాయ చేయును. దూరపు వస్తువులను దగ్గరగా చూపు కటకముతో తీసినపుడు, ముందు వెనుకలుగా నున్న వస్తువుల నడుమ దూరము అణగిపోయినట్లు కనబడును. లారీ నాయకుని వీపును రాచుకొని పోయినదని మనము ఉలికిపడుదుము. నిజమునకు వారి నడుమ ఒక ఎద్దులబండి సుఖముగా పట్టును. ఇక పగిలి ముక్కలగు కిటికీ అద్దములందురా, పూర్వము వానిని చక్కెరపాకమును పలుచని పలకలుగా పోసి చేయుచుండిరి. నేడు అట్లే పెళుసుగా విరిగి, చర్మమును కోయని కృత్రిమ పదార్థములతో చేయుచున్నారు. చక్కెర అద్దమని వినగానే మా తరగతిలో ఒక బాలుడు, “ఐతే పగిలిన ముక్కలను ఎవరు తిందురు సార్?” అని యడిగినాడు. నాకు సమాధానము తోచలేదు.

కాని కారు నిజముగనే పల్టీ కొట్టవలసి వచ్చినపుడు ఈ మాయలు చాలవు. అప్పుడు కారు లోపలి భాగమునంతయు విప్పి, ఉక్కు గొట్టములతో పంజరమువంటి చట్రమును బిగింతురు. పైకప్పు నలిగినను పంజరము నలుగదు. తోలువాని భుజములను, నడుమును, తొడలను పట్టీలతో పీఠమునకు కట్టివేయుదురు. తలకు శిరస్త్రాణ ముండును. పెట్రోలు తొట్టిని తీసివేసి, ఆ కొద్ది దూరమునకు చాలినంత ఇంధనము పట్టు చిన్న డబ్బాను అమర్తురు. అటుపిమ్మట వాలుబల్లమీదికి ఒక ప్రక్క చక్రములను ఎక్కించి కారును దొర్లింతురు. 2006లో వచ్చిన ‘కాసినో రాయల్’ అను ఆంగ్ల చిత్రమునకై ఇట్లే చేయబోగా, ఆ కారు నేలకు అంటుకొని పోవునంత చక్కని పొందికగల దగుటచే దొర్లనే లేదట! అంతట వారు దాని యడుగున, బిగించిన నత్రజని వాయువు బలముతో నేలను తన్ను ఒక ఫిరంగిని అమర్చిరి. ఆ తాపునకు కారు ఏడు పల్టీలు కొట్టెను. లోపలనున్న ఆడమ్ కిర్లీ అను సాహస కళాకారుడు క్షేమముగా బయటికి వచ్చెను.

ఎంత లెక్క కట్టినను, నేలను విడిచి గాలిలోనికి లేచిన కారునకు చుక్కాని లేదు, బ్రేకు లేదు. అది ఏ కోణమున లేచినదో ఆ కోణమే దాని గతిని నిర్ణయించును. 2025వ సంవత్సరము జూలై 13వ తేదీన తమిళనాడులోని నాగపట్టణము జిల్లాలో ఒక తమిళ చిత్రమునకై ఇట్టి దృశ్యమునే తీయుచుండిరి. ఎస్.ఎం. రాజు అను సాహస కళాకారుడు కారును వాలుబల్లమీదుగా ఎగిరించెను. కారు గాలిలో తిరుగబడి నేలను తాకెను. ఆయన మరణించెను. అనేక దక్షిణాది చిత్రములలో పనిచేసి, అనుభవమున పేరు గాంచినవా డాయన. చిత్రము ముగిసిన తరువాత తెరపై పరుగులెత్తు చిన్న యక్షరములలో ఇట్టివారి పేర్లుండును. అప్పటికి మనము చెప్పులు వెదకికొనుచుందుము.

కారు ప్రమాదకరమని చూచువారి కందరికిని తెలియును. అది వచ్చుచున్నపుడు ప్రక్కకు తొలగుదురు. తుపాకి అట్లు కాదు. నిండిన తుపాకియు, ఖాళీ తుపాకియు చూచుటకు ఒక్కటే. చిత్రరంగమున దానివలన కలిగిన మరణములలో కొన్నిటికి మూల మిదియే.

తూటాయందు నాలుగు భాగము లుండును. ఇత్తడి గొట్టము, దాని యడుగున తాకిడికి నిప్పురవ్వ నిచ్చు క్యాపు, లోన మందు, మూతియందు గుండు. మీట నొక్కినపుడు సుత్తి క్యాపును కొట్టును. క్యాపు మందును రగిల్చును. మందు వాయువై వ్యాపించి గుండును నెట్టును. చిత్రములందు రెండు విధములైన మారు తూటాలు వాడుదురు. మొదటిది ‘బ్లాంకు’. దీనియందు క్యాపును, మందును ఉండును. గుండు మాత్రము ఉండదు. ఇది మంటను, పొగను, ధ్వనిని ఇచ్చును. రెండవది ‘డమ్మీ’. దీనియందు గుండు ఉండును; మందు గాని, పనిచేయు క్యాపు గాని ఉండవు. రివాల్వరును కెమెరాకు దగ్గరగా చూపినపుడు గదులలో గుండ్లు కనబడవలయును గదా, అందుకై ఇది. ఒకదానికి లేనిది రెండవదానికి కలదు. ఈ మాటను జ్ఞాపక ముంచుకొనుడు.

గుండు లేదు గనుక బ్లాంకు అపాయము లేనిదని అనుకొనరాదు. మూతికి దగ్గరగా దాని వాయువు సమ్మెటపోటు వంటిది. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అను అమెరికా యువనటుడు, చిత్రీకరణ ఆలస్యమగుచుండగా పొద్దుపోక, బ్లాంకు గల తుపాకిని వేళాకోళముగా తన కణతకు ఆనించి పేల్చుకొనెను. ఆ పోటునకు కపాలము చిట్లెను. కొన్ని దినములకు అతడు మరణించెను.

ఇక 1993వ సంవత్సరము మార్చి 31వ తేదీ సంగతి వినుడు. సుప్రసిద్ధ మల్లుడు బ్రూస్ లీ కుమారుడైన బ్రాండన్ లీ ‘ది క్రో’ అను చిత్రమున నటించుచుండెను. అంతకు ముందొక దృశ్యమునకు డమ్మీలు కావలసివచ్చినవి. పనివారు నిజమైన తూటాలను విప్పి, మందును పారబోసి, గుండ్లను తిరిగి బిగించిరి. కాని క్యాపును మరచిరి. ఎప్పుడో మీట నొక్కబడెను. క్యాపు ఒక్కటే పేలి, ఆ చిన్న బలముతో గుండును గొట్టములోనికి నెట్టి అక్కడనే ఇరికించెను. ఎవరును గొట్టములోనికి తొంగిచూడలేదు. తరువాతి దృశ్యమునకు అదే తుపాకిలో బ్లాంకును పెట్టిరి. గొట్టమున గుండు, వెనుక మందు! ఒకదానికి లేనిది రెండవదానితో కలిసి నిజమైన తూటా తయారయ్యెను. ఇరువది యెనిమిదేండ్ల బ్రాండన్ లీ ఆ దెబ్బతో మరణించెను. ఇందు దుర్బుద్ధి ఎవరికిని లేదు. రెండు చిన్న మరపులు కలిసినవి, అంతే.

2021వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని న్యూ మెక్సికోలో ‘రస్ట్’ అను చిత్రమునకు అభ్యాసము జరుగుచుండెను. సహాయ దర్శకు డొకడు “కోల్డ్ గన్” అని ప్రకటించెను. చల్లని తుపాకి, అనగా పేలుటకు వీలులేనిది అని ఆ వృత్తివారి పరిభాష. నటుడు అలెక్ బాల్డ్విన్ దానిని చేత పట్టియుండగా అది పేలెను. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించెను, దర్శకుడు గాయపడెను. డమ్మీల నడుమ ఒక నిజమైన తూటా చేరియుండెను. తుపాకుల బాధ్యత వహించిన యువతికి 2024లో పదునెనిమిది నెలల కారాగారశిక్ష పడెను. నటునిపై గల అభియోగమును అదే యేట న్యాయస్థానము కొట్టివేసెను.

మొదట చెప్పిన రామనగరపు కొండలలోనే ఇట్టి విపత్తు వెండ్రుకవాసిలో తప్పినదట. ‘షోలే’ చివరి ఘట్టమున తుపాకి పేలి, నిజమైన తూటా తన చెవి ప్రక్కగా దూసికొనిపోయెనని అమితాబ్ బచ్చన్ తరువాతి కాలమున ఒక టెలివిజన్ కార్యక్రమములో తానే చెప్పెను. ఆ తూటా అంగుళము ప్రక్కకు వచ్చియుండినచో, ఆ చిత్రమును మనము వేరొక కారణముచే జ్ఞాపక ముంచుకొనియుందుము.

కావున తెలిసినవారు పాటించు పద్ధతి యిది. నిజమైన తూటా చిత్రీకరణ స్థలమునకు రానేరాదు. తుపాకులన్నియు ఒకే మనుష్యుని అధీనమున తాళములో నుండవలయును. అతడు ప్రతి డమ్మీని చెవివద్ద ఆడించి చూచును. లోన వేసిన చిన్న గుళిక గలగలమన్నచో మందు లేదని గుర్తు. గొట్టములోనికి దీపము వేసి చూచును. అది చాలదు, నటునకును చూపవలయును. చూపుమని అడుగుట నటుని హక్కు. పేల్చునపుడు మనిషికి సూటిగా గురిపెట్టక కొంచెము ప్రక్కకు త్రిప్పుదురు. కెమెరా కోణమును బట్టి చూచువారికి సూటిగనే కనబడును. గుంపులోని సైనికుల చేతులలో నుండునవి రబ్బరు తుపాకులో, కొయ్య తుపాకులో. మంటను నేడు గణనయంత్రముతో తరువాత చేర్చుచున్నారు. దీనియం దొక విశేషము కలదు. కెమెరా ప్రతి చిత్రమునకును నడుమ ఒక్క క్షణము కన్ను మూయును. తుపాకి మంట అంతకన్న తక్కువ కాలముండుటచే, నిజముగా పేల్చినను ఒక్కొక్కమారు చిత్రమున పడనే పడదు! ప్రాణముల కపాయము తెచ్చుకొని పేల్చిన నిజమైన మంట తెరపై కనబడకపోగా, గీసి చేర్చిన మంట చక్కగా కనబడును.

నేను ఉపాధ్యాయుడనై చేరిన తొలి యేండ్లలో, మా ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాల వార్షికోత్సవమునకు అల్లూరి సీతారామరాజు నాటకమును ఆడించితిని. 1924వ సంవత్సరము మే 7వ తేదీన కొయ్యూరువద్ద రాజును చెట్టునకు కట్టి కాల్చి చంపిరి. ఆ దృశ్యము జీవముట్టిపడవలయునని నాకు మిక్కిలి కోరిక. వేరుసెనగ చేలలో అడవిపందులను బెదరించుటకు లైసెన్సుగల నాటుతుపాకి నుంచుకొనిన రైతు నొకని బ్రతిమాలి, దానిని తెప్పించితిని. “ఊరికే ఉన్నది, భయము లేదు” అని ఆయన చెప్పిపంపెను. నేను నమ్మితిని. దొర వేషము వేసిన తొమ్మిదవ తరగతి బాలుని చేతికి దానిని ఇయ్యబోవుచుండగా, మా ముసలి బంట్రోతు అడ్డము వచ్చి పుచ్చుకొనెను.

“ఖాళీ అని వాళ్లు చెప్పినారు సార్. తుపాకి చెప్పలేదు కదా!” అనెను.

అతడు దట్టించు ఇనుపకడ్డీని గొట్టములోనికి జారవిడిచి, మూతివద్ద గోటితో గుర్తు పెట్టుకొని, బయటికి తీసి గొట్టము ప్రక్కన ఆనించి చూపెను. నాలుగు వ్రేళ్ల వెడల్పు తక్కువ వచ్చినది. అంతట ఆవరణకు వెలుపల బండమీద కూర్చుండి, తుపాకి మూతిని కొండవైపు త్రిప్పి, మెల్లమెల్లగా లోనిదానిని తోడి తీసెను. ముందు గుడ్డపేలిక వచ్చినది. పిమ్మట సీసపు గుండ్లు, మరల పేలిక, కడపట నల్లమందు. గుండ్లను లెక్కపెట్టి నా అరచేతిలో పోసెను. పదునొకండు. గత యేటి పంటకాలమున దట్టించి, ఆ రైతు మరచియుండెను.

ఆ సాయంకాలమే వడ్రంగిచే ఒక కొయ్యతుపాకిని చేయించి, దానికి నల్లరంగు పూయించితిమి. తెర వెనుక బంట్రోతే టపాకాయ పట్టుకొని నిలిచెను. వత్తి తడిసియుండుటచే అది వెంటనే పేలలేదు. పేలుటకు ముందే రాజు వేషమువాడు తల వాల్చివేసెను. నేను సిగ్గుతో కన్నులు మూసికొంటిని. తెరచి చూచునప్పటికి ముందు వరుసలోని స్త్రీలు కొంగులతో కన్నులు ఒత్తుకొనుచుండిరి. ధ్వని ముందు వచ్చినదో, తల ముందు వాలినదో వారిలో ఎవరును గమనింపలేదు.