నిదానమే ప్రధానం

తెల్లవారుజామున బీజింగు నగరంలోని స్వర్గమందిరం పార్కులోకి అడుగుపెడితే ఒక వింత దృశ్యం కనబడుతుంది. పాతకాలపు చెట్లకింద అరవై, డెబ్భై, ఎనభై ఏళ్ళవారు వరుసలు కట్టి నిలబడి, మొలలోతు నీళ్ళలో నడుస్తున్నట్టు మెల్లమెల్లగా కాళ్ళు కదుపుతూ, చేతులు చాస్తూ వుంటారు. తొందర లేదు. రొప్పు లేదు. కొత్తగా చూసేవారు అదేదో నాట్యం కాబోలనుకుంటారు. కాని అది నాట్యం కాదు, యుద్ధవిద్య! దాని పేరు తైజీ చువాన్. 'చువాన్' అంటే చీనా భాషలో పిడికిలి. లోకమంతా దాన్ని పొట్టిగా 'తాయ్ చీ' అంటున్నది.

మనవల్ని ఆడించుకోవలసిన వయసులో ఈ తాతలకూ అమ్మమ్మలకూ పిడికిలి విద్యతో పనేమిటి? ఎవరితో యుద్ధం?

నేలతో!

ఇది వేళాకోళం కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది కేవలం పడిపోవటం వల్ల చనిపోతున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తరవాత స్థానం దీనిదే. వారిలో అరవై దాటినవారే ఎక్కువ. స్నానాలగదిలో తడి, వీధిగడప, రాత్రివేళ మంచం దిగి చీకట్లో వేసిన ఒక్క అడుగు — వీటిలో ఏదో ఒకటి చాలు. తుంటి ఎముక విరిగిందంటే, అంతవరకు ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి గ్లాసుడు మంచినీళ్ళకు ఒకరి మొహం చూడవలసి వస్తుంది.

భయం చేసే చెరుపు

ఎముక విరగకపోయినా నష్టం తప్పదు. ఒకసారి కాలు జారినవారికి ఆ భయం మనసులో పాతుకుపోతుంది. గుడికి వెళ్ళటం మానేస్తారు. తరవాత వీధి అరుగు మీదికి రావటం మానేస్తారు. "నువ్వు కదలకు నాయనమ్మా, అన్నీ మేం అందిస్తాంగా!" అని ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ అంటారు. ఆ ప్రేమే శత్రువవుతుంది. వాడని కాలు బలం కోల్పోతుంది. బలం తగ్గిన కాలు తడబడుతుంది. తడబడినకొద్దీ భయం పెరుగుతుంది. ఈ సుడిలో నుంచి బయటపడే దారి ఏమిటని వైద్యులు వెతుకుతూవుంటే, వారి కంట బడినదే ఈ చీనా విద్య.

గోడచాటు శిష్యుడు

చీనాలో హెనాన్ రాష్ట్రంలో, వెన్ జిల్లాలో చెన్ వంశంవారి వూరొకటి వున్నది. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ అనే వీరుడు ఈ విద్యకు అక్కడ రూపు కట్టాడంటారు. చాలాకాలం అది ఆ వంశం దాటి బయటికి రాలేదు. యాంగ్ లూచాన్ (1799–1872) అనే పరాయివాడు దాన్ని సంపాదించాడు. అతడు ఆ వూళ్ళో పనివాడుగా వుంటూ, గురువు పాఠం చెబుతూవుంటే గోడచాటు నుంచి చూసి నేర్చుకున్నాడని ఒక కథ. మన ఏకలవ్యుడి తమ్ముడన్నమాట! కాని ఇతడి గురువు బొటనవేలు అడగలేదు; శిష్యుడుగా స్వీకరించాడు. యాంగ్ బీజింగు చేరి మంచూ ప్రభువుల ఇళ్ళలో ఆ విద్య నేర్పాడు. అతని మనుమడు యాంగ్ చెంగ్‌ఫు దాన్ని నెమ్మదిగా, ఒకే జోరులో సాగేటట్టు తీర్చి, సామాన్యులకు అందుబాటులోకి తెచ్చాడు. 1956లో చీనా ప్రభుత్వ క్రీడాసంఘం 24 భంగిమలతో ఒక చిన్న పాఠం తయారుచేయించింది. అయిదారు నిమిషాలలో పూర్తవుతుంది. 2020లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది.

ఖాళీ కాలు, నిండు కాలు

భంగిమల పేర్లు వినటానికే ముచ్చటగా వుంటాయి. అడవి గుర్రం జూలు పాయలు తీయటం, తెల్లకొంగ రెక్కలు విప్పటం, మబ్బుల్లా చేతులాడించటం, బంగారు కోడిపుంజు ఒంటికాలిమీద నిలవటం! అయితే అసలు రహస్యం చేతుల్లో లేదు, కాళ్ళలో వున్నది.

మనం అడుగు తీసి అడుగు వేసే ప్రతిసారీ ఒక్క క్షణం ఒంటికాలిమీదే నిలుస్తాం. ముసలితనంలో మనిషి తూలేది ఆ క్షణంలోనే. తాయ్ చీ ఆ ఒక్క క్షణాన్ని సాగదీసి సాధన చేయిస్తుంది. మోకాళ్ళు కాస్త వంచి, నడుము నిటారుగా వుంచి, శరీరం బరువంతా కుడికాలిమీదికి మెల్లగా తేవాలి. అది 'నిండు' కాలు. అప్పుడు ఎడమకాలు 'ఖాళీ' అవుతుంది. ఖాళీ కాలిని ముందుకు చాచి, మడమ ఆనించి, నేల గట్టిదని తెలిసిన తరవాతే బరువు దానిమీదికి మళ్ళించాలి. ముందుకూ, పక్కకూ, వెనక్కూ ఇలాగే. నిదానంగా చేస్తాం గనుక తొడ కండరాలు ఎక్కువసేపు బరువు మోస్తాయి. అరికాలికి నేల స్పర్శ తెలిసివస్తుంది. దండీలూ బస్కీలూ తియ్యనక్కరలేదు. నేలమీద చాప వేసుకొని కూర్చోలేనివారు కూడా నిలబడే చేయవచ్చు.

యంత్రానికి అందనిది

అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమొరీ విశ్వవిద్యాలయంవారు ఒక పరీక్ష జరిపి 1996లో ఫలితాలు ప్రకటించారు. 70 ఏళ్ళు దాటిన 200 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు తాయ్ చీ. 108 భంగిమలను పదికి కుదించి నేర్పారు. రెండో జట్టుకు కంప్యూటరు తగిలించిన పలకమీద నిలబెట్టి నిలకడలో శిక్షణ. మూడోదానికి ఉపన్యాసాలూ చర్చలూ మాత్రమే. ఇలా 15 వారాలు. తాయ్ చీ జట్టులో మళ్ళీ మళ్ళీ పడే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. యంత్రం జట్టులో అలాంటి తగ్గుదల కనబడలేదు.

చిత్రమేమిటంటే, వారిలో 72 మందిని యంత్రంమీద నిలబెట్టి కొలిచినప్పుడు, ఊగకుండా నిలిచినవారు యంత్రం జట్టువారే! తాయ్ చీ జట్టువారి ఊగిసలాట పెద్దగా మారలేదు. మారింది వేరొకటి: పడిపోతామన్న భయం తగ్గింది. తూలినప్పుడు కంగారుపడక కాలు ఎక్కడ వెయ్యాలో తెలిసినవాడికి, కొయ్యలా బిగిసి నిలవవలసిన అవసరమేమున్నది?

తరవాత ఓరెగన్ రాష్ట్రంలో మరికొన్ని పరీక్షలు జరిగాయి. 2012లో పార్కిన్సన్ వ్యాధి వున్న 195 మందితో చేసిన పరీక్షలో, బరువులతో వ్యాయామం చేసినవారికన్న తాయ్ చీ చేసినవారికే నిలకడ బాగా కుదిరింది. 2018లో 670 మంది వృద్ధులతో చేసినదానిలో, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసినవారు, వొళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవారికన్న 58 శాతం తక్కువసార్లు పడ్డారు.

ఇది మంత్రం కాదు

ఇంతమాత్రాన దీన్ని సర్వరోగ నివారిణి అనుకోకూడదు. 2003లో, బలహీనపడుతున్న 311 మంది వృద్ధులతో అట్లాంటావారే 48 వారాలు పరీక్షించగా, తాయ్ చీ వల్ల పడటం తగ్గిందని గట్టిగా చెప్పగల ఫలితం రాలేదు. అంటే, మరీ కుంగిపోకముందే మొదలుపెట్టాలన్నమాట. 2019లో పాత పరీక్షలన్నిటినీ కలిపి చూసినవారు, తాయ్ చీ వల్ల పడటం 19 శాతం తగ్గవచ్చుననీ, నిలకడకోసం చేసే ఇతర వ్యాయామాల వల్ల 24 శాతం తగ్గుతుందనీ తేల్చారు. తాయ్ చీ నేర్పేవారు దొరక్కపోతే దిగులు పడవలసిన పనిలేదు.

గట్టి కుర్చీ వీపో, కిటికీ ఊచో పట్టుకోండి. పాదాలు కాస్త ఎడంగా వుంచి, మోకాళ్ళు కొద్దిగా సడలించి, మెల్లగా పది లెక్కపెడుతూ బరువు ఒక కాలిమీదికి తెండి. రెండో పాదం తేలికైనట్టు తెలిసిన తరవాత, మళ్ళీ పది లెక్కపెడుతూ అటు మళ్ళించండి. మోకాలు నొప్పి పెట్టేటంత వంచవద్దు. నేల తడి లేకుండా చూసుకోండి. కళ్ళు తిరిగేవారు, గుండెజబ్బు వున్నవారు, ఎముకలు పెళుసుబారినవారు, ఈమధ్య ఎముక విరిగినవారు డాక్టరు నడిగిగాని మొదలుపెట్టకూడదు. తెలియని మొదటిరోజుల్లో పక్కన ఒక మనిషి వుండటం మంచిది.

ఆ పక్కనుండే మనిషి ఇంట్లోవారే ఎందుకు కాకూడదు? "కదలకు నాయనమ్మా" అనే మనుమడు, "లే, పది నిమిషాలు నేను పట్టుకుంటా" అంటే సరిపోతుంది. ఆ సాధనతో ఆవిడ మళ్ళీ గుడిమెట్లు ఎక్కవచ్చు. పట్టుకున్నందుకు మనుమడికి ప్రసాదమూ దక్కవచ్చు.